వెనక సీటు పాఠం

రండి, ఇట్లా నా దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను మీ వైపు తిప్పుకోండి, నాకు ఆ గాలి పడదు. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. పెద్ద కథేం కాదు. ఒక మనిషి సంగతి. మొన్న ఫోను వచ్చింది, ఆయన పోయాడని. అప్పటినుంచి పొయ్యి దగ్గర నిలబడినా, బట్టలు ఆరేస్తున్నా ఆయనే కళ్ల ముందు తిరుగుతున్నాడు. చెప్పేస్తే కాస్త బరువు దిగుతుందేమో.

పేరు మాత్రం చెప్పను. తన పేరు పదిమందిలో వినపడటం ఆయనకు గిట్టేది కాదు. రాయచోటి మనిషి. కువైట్‌లో, జహ్రాలో, నేను పనిచేసిన ఇంట్లోనే డ్రైవరు. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను సెల్లే అనేవాడు. మా ఇద్దరి నమాజులూ నామాలూ వేరైనా ఆ పిలుపుకు అడ్డం రాలేదు.

ఆయన్ని తలుచుకుంటే ముందుగా చేతులే గుర్తొస్తాయి. మాట మొదలుపెడితే రెండు చేతులూ లేచి గాలిలో స్టీరింగు పట్టుకునేవి. కాస్త పొడుగు సంగతి చెప్పాలంటే బండి నడుపుతున్నట్టే చెప్పేవాడు. మలుపు దగ్గర చేతులు మలుపు తిరిగేవి. ఇంకొకరు అడ్డం వచ్చి మాట్లాడితే కుడి కాలు బ్రేకు తొక్కేది. కూర్చున్న చోటే, వంటింటి గడప మీదే. నేను నవ్వితే, "నవ్వుకో సెల్లే, నా నోటికి గేరు లేదు, కాళ్లూ చేతుల్తోనే నడిచేది" అనేవాడు. టీ సాసర్లో పోసుకుని, ఊది, కళ్లు మూసుకుని తాగేవాడు. టీ తాగుతున్నంతసేపూ ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఇంటి మామా పిలిచినా సరే. మామా అంటే అక్కడ మా యజమానురాలు.

ఆ ఇంటి బండి అమెరికాది. తెల్లటిది, పడవంత పొడుగు. మామా కూతురు షువైఖ్‌లో కాలేజీకి పోయేది. ఆ పిల్లకు పాఠం గట్టిగా పైకి చదివితే తప్ప తలకెక్కదు. ఇంట్లో చదివితే వాళ్లన్న వెక్కిరిస్తాడని బండిలో చదివేది. జహ్రా నుంచి షువైఖ్ దాకా, షువైఖ్ నుంచి జహ్రా దాకా, వెనక సీట్లో కూర్చుని అరబ్బీలో ఒకే పాఠం తిప్పి తిప్పి చెప్పుకునేది. ముందు సీట్లో ఈయన. వినాలని విన్నాడా, చెవులున్నందుకు విన్నాడా, ఏళ్ల తరబడి అట్లా విన్నాడు. ఒక ఏడు నైలు నదంట. ఒక ఏడు ఎవరో ఖలీఫాలంట. తొంభయ్యో ఏట మాత్రం అమెరికా వాళ్ల కథ వచ్చింది. అది మాత్రం ఆయన్ని పట్టుకుంది.

"మన బండి చేసినోళ్ల కత సెల్లే ఇది" అన్నాడు నాతో ఒకరోజు సాసరు కడిగి బోర్లించి. "వాళ్ల మింద ఇంగ్లండు రాజు పెత్తనం ఉన్నెప్పటి సంగతి."

ఆ కథ ఆయనకు దారితో కలిపి తలలో పడింది. దారి లేకుండా చెప్పలేడు. "మన సందు మలుపు కాడ రాజు ఉంటాడు. పెట్రోల్ బంకు రాగానే ముద్రల గొడవ మొదలైతాది."

"ఏం ముద్రలన్నా?"

"కాగితం మింద ముద్ర. ఏ కాగితం రాసుకున్యా రాజుకు డబ్బు కట్టి ముద్ర ఏయించుకోవాల. అమ్మకం కాగితమైనా, పేపరైనా. మన ఇఖామా, ఈ దేశంలో ఉండే పర్మిటు కోసరం కిటికీ కిటికీ తిరిగి ముద్రలు ఏయించుకుంటాం సూడు, అట్ల."

"మనం వేయించుకుంటాం కదా."

"వాళ్లు ఏయించుకోలా. అదే కత." చేతులు కుడికి తిరిగాయి. "బంకు దాటినాక సిగ్నలు. ఆడ ఆడోళ్లు వస్తారు. ఇంగ్లండు బట్ట కొనం, మా బట్ట మేమే వడుక్కుంటాం అని రాట్నాలేసుకుని కూర్చున్యారంట. ఆ సిగ్నలు కాడ ఎర్రదీపం శానాసేపు ఉంటాది, అందుకే రాట్నాలు నాకు బాగా గుర్తు."

పదమూడు సీమలంట వాళ్లవి. ఒకరికొకరు పడదంట. ఒకరి మతం ఒకరికి పొసగదు, ఒకరి సరుకు ఒకరు నమ్మరు. "మన కడపోళ్లూ గోదారోళ్లూ హైదరాబాదోళ్లూ ఉన్నట్ల అనుకో" అనేవాడు. ఊరూరా నలుగురు పెద్దమనుషులు కూడి, తమ ఊళ్లో ఏం జరిగిందో పక్క ఊరికి జాబులు రాసేవాళ్లంట. గుర్రాల మీద పోయేవంట ఆ జాబులు. అట్లా ఒక ఊరి దెబ్బ ఇంకో ఊరికి తెలిసిందంట.

షువైఖ్ రేవు క్రేనులు కనపడే చోట టీ సంగతి. ఓడ నిండా వచ్చిన టీ పెట్టెలను, రాజు పన్ను కట్టేది లేదని, రేవులో నీళ్లపాలు చేశారంట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన చేతులు స్టీరింగు వదిలేసేవి. "అంత టీ సెల్లే! సముద్రంలో! ఒక్క పెట్టెన్నా ఇంటికి తెచ్చుకునింటే ఏమి పోయె?" అని నిజంగానే బాధపడేవాడు.

ఇక కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి, సీమలన్నిటి పెద్దలూ ఒకే ఊళ్లో కూర్చుని ఒట్టు పెట్టుకున్నారంట. ఇంగ్లండు సరుకు కొనం, మా సరుకు అమ్మం, ఎవరు తప్పినా ఊరూరా ఒక కన్ను చూస్తుంటుంది అని.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత గేటు వచ్చేసింది."

"అంటే?"

"పరీక్షలైపోయినాయి సెల్లే. కడమ పాఠం సెలవులైనాక. పాప అక్టోబరులో మళ్లీ మొదలుపెడతాది గదా, అప్పుడు చెప్తా."

ఆ జూలైలో పాప తండ్రితో కలిసి పరదేశం పోయింది, ఎండలు తగ్గేదాకా ఉండి వద్దామని. మామా కాళ్ల వాపుతో పోలేకపోయింది. ఆమె కొడుకు పోలీసు ఉద్యోగంలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. ఆగస్టులో ఒకరోజు తెల్లారేసరికి జహ్రా రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు వస్తున్నాయి. నేను రొట్టెలకు పిండి కలుపుతున్నాను. పిండి చేతులతోనే కిటికీ దగ్గరికి పోయాను. ఆ పిండి చేతుల మీదే ఎండిపోయింది.

తర్వాతి రోజులన్నీ ఒకే రోజులా ఉండేవి. రొట్టె కోసం వరసలో నిలబడటం, నీళ్లు పట్టి పెట్టుకోవడం, వీధిలో బూట్ల చప్పుడు వస్తే పనాపేసి నిలబడటం. భయం కూడా కొన్నాళ్లకు అలవాటైపోతుంది. ఒంట్లో మిగిలేది అలసటే. మామా రోజంతా రేడియో దగ్గర కూర్చునేది. నేను ఆమె కాళ్లకు నూనె రాస్తూ కూర్చునేదాన్ని.

బండ్లకు ఇరాక్ నంబర్లు వేయించుకోవాలని హుకుం వచ్చింది. వేయించుకోకపోతే పెట్రోలు లేదు. మా సందులో ఒక్క ఇల్లూ వేయించలేదు. పడవంత బండి నీడలో నిలబడిపోయింది. ఈయన మాత్రం రోజూ పొద్దున్నే నీళ్లు చల్లి తుడిచేవాడు. తుడిచి, గుడ్డ పిండి, పైన తెర కప్పేవాడు. "కదలని బండికి అంత సోకెందుకన్నా?" అంటే, "రోజూ కండ్లబడే దాన్ని ఎవురూ సూడరు సెల్లే" అనేవాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

చెత్త ఎత్తేవాళ్లు దేశం వదిలిపోయారు. సందు చివర చెత్తంతా పోగేసి కాల్చాల్సి వచ్చేది. ఆ పని ఈయన మీదేసుకున్నాడు. ఎండ కాస్త తగ్గాక ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. ఇంటింటి పనివాళ్లూ సంచులు తీసుకుని అక్కడికి చేరేవాళ్లం. మామూలు రోజుల్లోనూ మాకు ఒకరి ముఖం ఒకరికి కనపడేది ఆ చెత్త వేసే వేళలోనే. ఇప్పుడు దానికి తోడు మంట. కంపులో, పొగలో, కళ్లు నలుపుకుంటూ నిలబడి కబుర్లు మార్చుకునేవాళ్లం. ఏ ఇంట్లో సోదా జరిగింది, రొట్టె ఎక్కడ దొరుకుతోంది, బస్సులు ఎప్పుడు కదులుతున్నాయి అని. మనవాళ్లను బాగ్దాదు మీదుగా జోర్డాను చేర్చే బస్సులు అప్పుడప్పుడే మొదలయ్యాయి.

సైనికులు వెతుకుతున్నది పోలీసుల్ని, పటాలంలో పనిచేసినవాళ్లని. దొరికితే తీసుకుపోవడమే. మామా కొడుకు మా ఇంట్లో లేడు. పక్కింట్లో ఉన్నాడు. ఆ ఇంటివాళ్లు మొదటి వారమే సౌదీకి పారిపోయారు. తాళాలు చేతిలో పెట్టి, తమ పనిపిల్లను ఒక్కదాన్నే వదిలిపోయారు. గోదావరి పిల్ల. మిద్దె మీద సామాన్ల గదిలో ఈ అబ్బాయి దాక్కుంటే, అన్నం పైకి చేర్చేది ఆ పిల్లే. సందులో పనివాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఎంగిలి గిన్నెలు కడిగేవాళ్లకు ఇంట్లో ఎందరున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే ఒక సాయంత్రం మంట దగ్గర ఈయన కడ్డీ నేలకు ఆనించి అన్నాడు. "ఈపొద్దు నుంచి మనకెవురికీ అరబ్బీ రాదు."

ఎదురింట్లో వంటచేసే హైదరాబాదు ఆయన నవ్వాడు. "పదేండ్ల సంది అరబ్బీల తిట్లు తింటున్న భాయ్. రాదంటే ఎవడు నమ్ముతడు?"

"తిట్లు తినేదానికి బాస రావాల్నా? తల వంచితే సాలదా?"

అందరం నవ్వాం. కొత్తగా వచ్చిన పనిమనిషికి అక్కడ ఒక వెసులుబాటు ఉంటుంది. ఏమన్నా అర్థం కానట్టు నిలబడవచ్చు. కొన్నాళ్లు ఎవరూ ఏమనరు. మేమందరం మళ్లీ కొత్తవాళ్లం అయిపోవాలి, అంతే. ఏది అడిగినా 'మా అరఫ్', తెలియదు.

"ఇంకో మాట" అన్నాడు. చేతులు లేచాయి, నాకు తెలుసు, బంకు దాటుతున్నాడు. "సోల్జరు నీ కాడికి వచ్చి, పక్కింటోళ్లు చెప్పేసినారు, నువ్వొక్కదానివే మిగిలినావు అంటాడు. అది అబద్ధమని ఇప్పుడే అనుకోండి. ఆ అమెరికా సీమల్లో ఒక్క ఊరు రాజు సరుకు కొన్యా కడమ ఊర్లు ఎండిపోయినట్టే. మన కాడ సరుకు లేదు. నోరుండాది. అదే అమ్మొద్దు."

గోదావరి పిల్ల కొంగుతో పొగ విసురుకుంటూ, "మరి వాళ్లు గెలిచారా అన్నయ్యా?" అంది.

"ఆ పాఠం ఇంకా రాలేదమ్మా" అన్నాడు.

కొన్నాళ్లు అది నిలబడింది. ఒక అధికారి ఇద్దరు సైనికులతో వచ్చి మమ్మల్ని గేట్ల దగ్గర నిలబెట్టి అడిగేవాడు. మేం మొద్దుల్లా చూసేవాళ్లం. మేము వంటలో ఎంత ఉప్పు వేయాలో అరబ్బీలో పోట్లాడగలమని వాడికేం తెలుసు? ఒకరోజు అట్లాగే అడిగి అడిగి, విసిగి, టోపీ తీసి మెడ తుడుచుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా, తనలో తను అనుకున్నట్టు, "మాయ్" అన్నాడు. నీళ్లు అని.

గోదావరి పిల్ల వెనక్కి తిరిగింది. లోపలికి పోయింది. పళ్లెంలో గ్లాసు, గ్లాసు కింద సాసరు పెట్టుకుని తెచ్చి, ఎడమచేయి గుండె దగ్గర పెట్టుకుని వంగి అందించింది.

ఏళ్ల తరబడి ఆ మాట వింటే కాళ్లు కదలడం అలవాటైన పిల్ల. నేనైనా అంతే చేసేదాన్నేమో. ఆ గ్లాసు చేయి మారుతుంటే సందంతా చూసింది. అందరికన్నా చివర అర్థమైంది ఆ పిల్లకే. అధికారి నీళ్లన్నీ మెల్లగా తాగాడు. గ్లాసు పళ్లెంలో పెట్టి, "నీకు అరబ్బీ వచ్చు" అన్నాడు. అని నవ్వాడు.

ఆ రోజు కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు ఒక్కడే వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మధ్యాహ్నం సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చే వేళకు వచ్చి, ఆ పిల్ల గడప మీద కూర్చుని నీళ్లడిగేవాడు.

పిల్ల గోడ దగ్గరికి వచ్చి నాతో ఏడ్చింది. "అక్కా, నా వల్ల కాదండి బాబూ. అతను అరవడండి. అరిస్తే బాగుణ్ణు. నీళ్లు తాగి, నా బిడ్డ పేరేంటి, ఎన్నో నెల్లో నడిచింది అని అడుగుతున్నాడండి. ఒక్క ఇల్లు చూపించు, ఎల్లుండి బస్సులో కూర్చోబెడతానంటున్నాడు. నాకు నిద్దర్లేదండి. మెలకువలో ఏం వాగుతానో నాకే తెలీట్లేదు."

గోడ మీదుగా ఆ పిల్ల చేయి పట్టుకుని నిలబడ్డాను. చేయి చల్లగా ఉంది, అంత ఎండలో.

సాయంత్రం మంట దగ్గర అందరికీ కోపం. హైదరాబాదు ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "దాని నోరు ఇయ్యాలో రేపో జారుతది భాయ్. ఒక్కదాని మూలాన అందరం పోతం. మంచిగ బెదిరించి పెట్టున్రి."

ఈయన మంటను ఒకసారి కెలికాడు. కడ్డీ కింద పెట్టాడు. చేతులు లేచాయి. ఈసారి చాలా నెమ్మదిగా నడిపాడు.

"షువైఖ్ రేవు దాటినాక ఒక వంతెన ఉంటాది సూడండి. ఆడొక సంగతుంది, అది మీకు చెప్పలా. టీ పారబోసినారని రాజు ఆ ఒక్క ఊరి రేవునే మూసేసినాడు. బోస్తన్ అని ఊరి పేరు. ఎందుకు ఒక్కదాన్నే మూసినాడు? ఆకలైతే ఆ ఊరు లొంగుతాది. అది లొంగితే కడమవి లొంగుతాయని. ఆపొద్దు కడమ సీమలోళ్లు బోస్తనోళ్లను బెదిరించలా. ఒకరు బియ్యం పంపించినారు. ఒకరు గొర్రెలు తోలించినారు. యాడోయాడో దూరం నుంచి. ఆ వంతెన కాడ పాప గొంతు పూడుకుపోయేది చదవతా చదవతా. నాకు అందుకే గుర్తు."

కడ్డీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ గోదారి పిల్ల ఇంటికి మనం బియ్యం పంపిస్తానే ఉండాం. ఈ పిల్లకు కరువు బియ్యం కాదు."

"మరి?"

"బస్సు."

ఆ వారం బస్సులో సీటు వచ్చింది మా సందులో ఒక్కరికే. ఆయనకే. మూట కూడా కట్టుకున్నాడు. రాయచోటిలో ఉన్న కూతురికని కొన్న పూలదుప్పటి ఒకటి, తనవి రెండు జతల బట్టలు. ఆ దుప్పటి మడత నేనే పెట్టిచ్చాను. కూతురు పుట్టాక ఆయన చూసింది ఒక్కసారే.

"అన్నా" అన్నాను.

"గమ్మునుండు సెల్లే" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అలిసిపోయిన గొంతుతో అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా కూరగాయల లారీ ఒకటి షువైఖ్ వైపు పోతుంటే ఆ పిల్లను ఎక్కించి, తనూ ఎక్కాడు. బస్సుల సంగతి చూసే మనవాళ్లతో, "నాకు జ్వరం, నా బదులు మా చెల్లెల్ని పంపండి" అన్నాడంట. ఆడపిల్ల కదా, వాళ్లూ కాదనలేదు. బస్సు కదిలేముందు ఆ పిల్ల, "మరి మీరు అన్నయ్యా?" అని ఏడిస్తే, "నేను పోతే ఎట్లమ్మా, అక్టోబరులో నాకు పాఠం ఉండాది" అన్నాడంట. పూలదుప్పటి ఆ పిల్ల ఒళ్లో పెట్టాడంట, దారిలో చలి వేస్తుందని.

లారీ కదిలే ముందే ఇంకో పని కూడా చేశాడు. మామా కొడుకును మిద్దె మీది నుంచి దించి, మా బండి వెనక సీటు ముందున్న కాళ్ల చోటులో పడుకోబెట్టాడు. అద్దాలు సగం దించి, తడి తువ్వాలు ఇచ్చి, పైన ఎప్పటిలాగే తెర కప్పాడు. పాప రోజూ పాఠం చదువుకున్న సీటు అది.

ఎండెక్కే వేళకు తిరిగొచ్చి పక్కింటి గేటు తీసి, కాపలావాడిలా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

అధికారి వేళకు వచ్చాడు. వెనక సైనికుడు. "నీళ్లిచ్చే పిల్ల ఏది?" అన్నాడు.

ఈయన లేచి లోపలికి పోయి, పళ్లెంలో గ్లాసు, గ్లాసు కింద సాసరు పెట్టి తెచ్చాడు. వంగి అందించాడు.

"పిల్ల ఏదంటే?"

"మా అరఫ్."

అధికారి గ్లాసు ముట్టుకోలేదు. వెనక్కి చూసి తలూపాడు. సైనికుడు తుపాకీ తిరగేసి మడమతో కొట్టాడు. కుడి చెవి మీద. గ్లాసు పడి పగిలింది. ఆయన పడలేదు. కూర్చుండిపోయాడు, అంతే. రెండు చేతులూ ఒకసారి గాలిలోకి లేచి, ఏదో పట్టుకోబోయి, ఒళ్లో పడ్డాయి.

ఇల్లంతా వెతికారు. మిద్దె మీద గదిలో ఖాళీ గోనెసంచులు దొరికాయి. తర్వాత గేటు గేటుకూ వచ్చారు. మా గేటు దగ్గరికి వచ్చిన సైనికుడు బూటులో ఇసుక దులుపుకోవడానికి మా బండికే ఆనుకున్నాడు. తెర మీద వాడి చేయి. ఆ చేతికీ ఆ అబ్బాయికీ మధ్య ఒక గుడ్డ, ఒక తలుపు. నేను వాడి ముఖం చూస్తూ నిలబడ్డాను. "ఎదురింటి వంటమనిషి మొత్తం చెప్పేశాడు" అన్నాడు అధికారి నాతో. మంట దగ్గర ఆయన చెప్పిన అబద్ధమే, ఇల్లు ఒక్కటే తేడా. అది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. "మా అరఫ్" అన్నాను.

ఎదురు గేటు దగ్గర హైదరాబాదు ఆయన్ని రెండు చెంపలూ వాయించారు. పదేండ్లు అరబ్బీలో తిట్లు తిన్న మనిషి ఆ రోజు ఒక్క ముక్క రానట్టు నిలబడ్డాడు. వాళ్లు వెళ్లిపోయాక నేరుగా వచ్చి, ఈయన చెవి కింద రక్తం తుడిచి, "బస్ భాయ్, ఖలాస్, అయిపోయింది" అన్నాడు. అయిపోలేదు. ఇంకా చలికాలం అంతా ఉంది.

ఈయనకు మళ్లీ సీటు వచ్చినా పోలేకపోయాడు. మామా కొడుకు మళ్లీ ఆ మిద్దె మీదికే చేరాడు. పక్కిల్లు ఖాళీ అయితే సైనికులు దిగుతారు, దిగితే మిద్దెలు మిద్దెలు కలిసిన ఆ సందులో దాక్కునేవాళ్లెవరికీ చోటుండదు. అందుకని ఆ ఇంటి కాపలావాడిగానే ఉండిపోయాడు. ఇరాక్ వాళ్లు పారిపోతూ అంటించిన నూనెబావుల పొగతో ఆకాశం నల్లబడి, పట్టపగలు దీపాలు పెట్టుకునే రోజులొచ్చేదాకా ఉన్నాడు. ఆ చలికాలంలో ఆయన కథ చెప్పడం తగ్గించాడు. చేతులు లేచేవి, మలుపు దాకా వెళ్లేవి, మళ్లీ దిగేవి. "బండి ఆగిపోతాంది సెల్లే" అనేవాడు.

మామా కొడుకు బతికాడు. అది చెప్పాలి. ఆమె ఆ అబ్బాయిని పగటి వెలుతురులో వాకిట్లో నిలబెట్టి, ముఖమంతా చేత్తో తడిమి చూసుకున్న రోజు నేను పక్కనే ఉన్నాను.

పాప తండ్రితో తిరిగొచ్చింది. కొన్నాళ్లకు కాలేజీ తెరిచారు. తెల్లబండి మళ్లీ షువైఖ్ దారి పట్టింది. మొదటి రోజు సాయంత్రం నేను టీ పెట్టి గడప దగ్గర కాచుకుని కూర్చున్నాను.

"ఏమన్నా, కడమ పాఠం వచ్చిందా? గెలిచారా వాళ్లు?"

ఆయన సాసర్లో టీ పోసుకున్నాడు. ఊదాడు. తాగలేదు.

"అద్దంలో పాప పెదాలు కదుల్తానే ఉన్యాయి సెల్లే" అన్నాడు. "ఎనక సీట్లో మాట నాకిప్పుడు ఇనపడదు."

ఎడమచెవి మిగిలింది కదా అంటారేమో. అక్కడి బండ్లలో డ్రైవరు కూర్చునేది ఎడమవైపు, రోడ్డు చప్పుడంతా ఆ వైపు కిటికీలోనే. పాపను అడగమన్నాను. "డ్రైవరు పాఠం అడిగేది బాగుంటాదా?" అన్నాడు. నేను మామాకు చెప్తానంటే వద్దని సైగ చేశాడు.

ఏళ్లు గడిచాయి. నేను ఊరొచ్చేశాను. ఆయనా రాయచోటి చేరాడని విన్నాను. పోయిన ఏడు నా మనవరాలు గడప మీద కూర్చుని పాఠం గట్టిగా చదువుతోంది. ముద్రలు అంది. రాట్నాలు అంది. టీ పెట్టెలు అంది. నా చేతిలో చాట కింద పెట్టేశాను. "ఆగమాక, ఆ తర్వాతది చదువు" అన్నాను. చదివింది. మర్నాడే బస్సెక్కి రాయచోటి పోయాను.

బాగా చిక్కిపోయి ఉన్నాడు. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కూతురితో, "మీ అత్తకు టీ పెట్టుమ్మే" అన్నాడు. నేను ఆయన ఎడమ పక్కకు పోయి, చెవి దగ్గర నోరు పెట్టి, బంకు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నేను అరుస్తుంటే ఆయన చేతులు దుప్పటి మీద నుంచి లేచాయి. సన్నబడిపోయాయి చేతులు, అయినా మలుపులు మాత్రం తప్పలేదు. సిగ్నలు దాటాం. రేవు దాటాం. టీ దగ్గర తల అడ్డంగా ఊపాడు, ఇప్పటికీ ఆ బాధ పోలేదు. వంతెన దాటాం. గేటు వచ్చింది. గేటు కూడా దాటాం.

"గెలిచారన్నా!" అని అరిచాను. "చాలా ఏళ్లు యుద్ధం చేశారంట. చలిలో, చెప్పుల్లేకుండా, తిండి లేకుండా నడిచారంట. అయినా గెలిచారు!"

ఆయన చేతులు దించాడు.

"శానా ఏండ్లా?"

"చాలా ఏళ్లు."

"అలిసిపోయింటారు పాపం" అన్నాడు.

అంతే అన్నాడు. కూతురు టీ తెచ్చింది. సాసర్లో పోసుకుని, ఊది, కళ్లు మూసుకుని తాగాడు. తాగుతున్నంతసేపూ నేను పిలవలేదు.

మొన్న నాకు ఫోను చేసి కబురు చెప్పింది గోదావరి పిల్ల. పిల్ల ఏంటి, నా ఈడు ముసలిదే ఇప్పుడు. ఏటా రంజాను రోజు ఆయనకు ఫోను చేసి, వినపడేదాకా అరిచేదంట. ఈసారి ఎంత అరిచినా పలకలేదంట, చివరికి ఆయన కూతురు ఫోనందుకుని నాన్న పోయాడని చెప్పిందంట. ఆ పూలదుప్పటి ఇంకా పెట్టెలో ఉందంట. ఇప్పుడు దాన్ని రాయచోటికి ఎట్లా పంపాలని నన్ను అడిగింది. నేనూ వస్తాను, కలిసి పోయి ఇద్దాం అన్నాను.

సరే, చీకటి పడుతోంది, మీరూ లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద టీ ఎప్పుడూ మరుగుతుండాలి. ఇంటిల్లిపాదిలో ఎవరు ముందు అలిసిపోతారో వాళ్లకే ముందు చోటు దొరకాలి, ఆ చోటు ఇచ్చే మనిషి ఒకరు మీ గడపలో ఎప్పుడూ ఉండాలి.